ఎర్తు లేని ఇళ్లు

ఇంట్లో కరెంటు షాక్ కొట్టి మనిషి పోతే మనవైపు వినపడే మాట ఒకటే: జాగ్రత్త లేదు, తెలివి లేదు. వైరింగు నిబంధనల చరిత్ర చదివితే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

తొలి సంగతులు తెలిసినవే. 1910లో విద్యుత్ చట్టం, 1956లో నిబంధనలు, 1958లో ఇంటి వైరింగుకు ఐఎస్ 732 ప్రమాణం. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ మొదటి యూనిట్ 1966లో మొదలైంది. ఎర్తింగుకు ఐఎస్ 3043 వచ్చిందీ ఆ ఏడాదే.

చిక్కు 1956 నిబంధనల్లోనే ఉంది. 33వ నిబంధన ప్రకారం కరెంటు ఇచ్చే సంస్థే సర్వీసు దగ్గర ఎర్తు టెర్మినల్ ఏర్పాటు చేసి, చెడకుండా చూడాలి. ఆచరణలో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, పైపు దించే పని ఇంటివాళ్ల నెత్తినే పడింది. చేతిలో డబ్బున్నవాళ్లు చేయించుకున్నారు, లేనివాళ్లు వదిలేశారు. తర్వాత చేర్చిన 61-ఎ నిబంధన లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే పరికరం పెట్టమంది. కానీ 5 కిలోవాట్ల లోపు ఇళ్లను మినహాయించింది. 2010 నిబంధనలూ ఆ మినహాయింపును అలాగే ఉంచాయి. గని కార్మికుడి ఇల్లు, కోయగూడెంలో గుడిసె, అన్నీ ఆ హద్దు కిందికే వచ్చేవి.

ఫ్యూజు ఉంది కదా అంటారు. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్తు గుంత నిరోధం 50 ఓంలకు చేరిందనుకుందాం. కూలర్ రేకుకు ఫేజు తగిలితే 230 వోల్టులకు పారేది సుమారు నాలుగున్నర ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు కాలదు. రేకు మీద దాదాపు మొత్తం వోల్టేజీ నిలిచే ఉంటుంది. ఫ్యూజుకు లావు తీగ చుట్టడం, ఎర్తు పిన్నుకు న్యూట్రల్ కలపడం మనవాళ్ల తప్పులే, ఒప్పుకుంటాను. అయితే నిబంధన ప్రకారం ఫ్యూజు వేసుకున్న ఇంటినీ ఆ ఫ్యూజు కాపాడదు. లీకేజీని పసిగట్టే ఆ పరికరం, అంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే అదే గుంతతో చటుక్కున ట్రిప్ అవుతుంది.

2023 నిబంధనల్లో హద్దు 2 కిలోవాట్లు. మెరుగే, కానీ చాలదు. రెండు బల్బులు, ఫ్యాను, టీవీ ఉన్న ఇంటి లోడు ఆ గీత దాటదు. ఎర్తు ఉండే అవకాశం తక్కువున్నదీ ఆ ఇంటికే. మినహాయింపు తీసేసి, సర్వీసు ఇచ్చే రోజే మీటరు పక్కన ఆర్‌సీసీబీ బిగించాలని నా వాదన.