కమాను దగ్గరి అక్షరం

కర్మన్‌ఘాట్ నుంచి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ నగల దుకాణంలో పాత బంగారు నాణెం పెట్టినా ముందు మచ్చు చూస్తారు, తర్వాత తూస్తారు. నిజాం అష్రఫీ అయితే 11.178 గ్రాములు, అందులో నూటికి 91 పాళ్లు బంగారం. కంసాలి లెక్క తప్పు కాదు. కానీ అష్రఫీ విలువ ఆ లెక్కతో తీరిపోదని నా వాదన, ఎందుకంటే అది పుట్టింది బజారు కోసం కాదు. బజారు నడిచింది హాలీ సిక్కా వెండి రూపాయి మీద. అష్రఫీది దర్బారు మర్యాద: నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొలువులో నజరానా అంటే ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు.

అప్పుడు ఆ నాణెం ఎవరి అధికారాన్ని చెబుతుందో చూడాలి. ఈ విషయంలో జర్మనీ మంచి పోలిక. 1871కి ముందు బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్ లాంటి రాజ్యాలు ఎవరి నాణెం వాళ్లే కొట్టుకునేవి. దేశం ఒక్కటయ్యాక బంగారు మార్కుల మీద ఒకవైపు స్థానిక రాజు బొమ్మ ఉండనిచ్చారు గానీ, రెండోవైపు సామ్రాజ్యపు గద్ద వచ్చి కూర్చుంది. హైదరాబాద్‌లో కథ మరోలా నడిచింది. 1858 దాకా మొగల్ చక్రవర్తి పేరున నాణేలు వెలువడ్డాయి, ఆ తర్వాత నిజాం బిరుదే మిగిలింది. జైపూర్ నాణేలకెక్కిన విక్టోరియా పేరు ఇక్కడి ముద్రలోకి రానే లేదు. 1903లో సైఫాబాద్ టంకశాల మొదలైన రోజుల్లో రాజు ముఖం ఉండాల్సిన చోట చార్మినార్ నిలిచింది. దాని కమాను దగ్గర ఒక చిన్న అక్షరం ఉంటుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్. తండ్రి పోయిందీ కొడుకు గద్దెనెక్కిందీ హిజ్రీ 1329లోనే, అంటే 1911లో. కనుక నాణెం మీది సంవత్సరం ఒక్కటే చదివితే చాలదు. నిజాం బిరుదు దగ్గరే 92 అనే అంకె కనిపిస్తుంది. అరబ్బీ అక్షరాలకున్న విలువలు కూడితే ‘ముహమ్మద్’ పేరుకు వచ్చే మొత్తం అది.

ఇలా పాత నాణేలు చదవడం డబ్బున్నవాళ్ల సరదా అనీ, నిజాం దర్పానికి ఇప్పుడు పూజలెందుకనీ కొందరంటారు. రెండో మాటలో బలముంది. నజరానా చాలామందికి భారమే, తెలంగాణ ఆ సంగతి మరవకూడదు కూడా. అయితే నాణేన్ని మూసలో వేసి కరిగిస్తే పోయేది దర్పం కాదు, ఆ భారానికి మిగిలిన సాక్ష్యం. హాలీ సిక్కా 1959లో పూర్తిగా రద్దయింది, కొత్త అష్రఫీ ఇక రాదు. కాసులపేరుకు గుచ్చడానికి కొండీ అతికించి, తర్వాత ఊడబెరికి మెరుగు పెట్టించిన అష్రఫీలో మినార్లు నున్నబడిపోతాయి, కమాను దగ్గరి అక్షరం చెరిగిపోతుంది. అలాంటిదాన్ని తూకానికే అమ్ముకోవాలి.