ప్రయోగం చూపించండి

1925, తణుకు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ. వాడుక భాషను రాతలోకి రానిస్తే తెలుగు చెడిపోతుందని నమ్మిన పండితుల ఎదుట వాడుక భాషావాది గిడుగు రామమూర్తి సుమారు నాలుగు గంటలు మాట్లాడారు. మన్యంలో సవరల భాష నేర్చుకునే రోజుల్లో మలేరియాకు మింగిన క్వినైన్ ఆయనకు చెవుడు తెచ్చిపెట్టింది. అవతలివాళ్ల మాట సరిగా వినపడని మనిషి వాదానికి దిగడం సాహసమే. కానీ ఆయన వెంట తెచ్చుకున్నది ప్రయోగాల మూట: ఎవరు, ఎక్కడ, ఏ మాట ఎలా రాశారో చూపే ఉదాహరణలు.

ఆనాటి ఉపన్యాసాల్లో రెండు రకాల మాటలు కలిసిపోయి వినిపించేవి. ‘పూర్వులు ఇలా రాయలేదు’ అన్నది మొదటిది. దాన్ని తేల్చడానికి పాత తాళపత్రం విప్పితే చాలు. ఒక్క ప్రయోగం దొరికినా ఆ మాట నిలవదు. ‘రాస్తే భాష భ్రష్టమవుతుంది’ అన్నది రెండోది. అది జోస్యం. దానికి తాళపత్రం ఎక్కడ దొరుకుతుంది?

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిందే హద్దు అనేవాళ్లకు ఇంట్లోనే చిక్కుంది. సూరి వదిలేసిన ప్రయోగాలకు సూత్రాలు చెబుతూ 1885లోనే బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం రాశారు. లక్ష్యాన్ని (ప్రయోగాన్ని) బట్టే లక్షణం (సూత్రం) నడవాలని వైయాకరణుడే ఒప్పుకున్నట్టు కదా!

గిడుగుకు ప్రయోగం చూపించే ఈ పద్ధతి ముఖలింగం గుడి గోడల దగ్గర అబ్బింది. అక్కడి శాసనాల లిపిని ఆయన సొంతంగా కూడబలుక్కుని చదివారు. అయితే అవతలి పక్షం ఉత్తచేతులతో రాలేదు. జయంతి రామయ్య పంతులు కూడా శాసనాలు క్షుణ్ణంగా చదివినవారే. ‘ఏ జిల్లా వాడుక రాయాలి?’ అన్న వాళ్ల ప్రశ్న అడగదగ్గదే.

గిడుగు వాదంలోనూ ఒక మెలిక ఉంది. గ్రాంథికవాదులు తమ రాతల్లోనే వ్యాకరణం తప్పారని ఆయన పట్టుకున్న తప్పుల జాబితా పెద్దది. 1933లో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’గా వచ్చింది. ఆ నియమాలు పండితులకే కొరుకుడు పడలేదని అది రుజువు చేస్తుంది. వాడుక భాష శాస్త్రానికీ చరిత్రకూ సరిపోతుందని మాత్రం దానివల్ల తేలదు. అది పుస్తకాలు రాసి చూపాల్సిన సంగతి.

నాటకం మటుకు అప్పటికే రాసి ఉంది. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో చాకలి పేరిగాడు మాట్లాడేది వాడుక తెలుగే. పాత్రోచితం పేరుతో అతనికి ఆ భాష ఇచ్చింది గ్రాంథిక పక్షపు పెద్ద, వేదం వేంకటరాయశాస్త్రి.