కల్పిత దృశ్యం – చారిత్రక సాక్ష్యం: 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' పరిశీలన

వ్యాససంగ్రహం:
అల్జీరియా స్వాతంత్ర్యయుద్ధంలో 1956–57 సంవత్సరాలలో అల్జీర్స్ నగరంలో జరిగిన ఘటనలను ఇటలీ దర్శకుడు జిలో పొంటెకోర్వో 1966లో చలనచిత్రంగా రూపొందించాడు. నటులతో తీసినప్పటికీ వార్తాచిత్రంలా కనిపించే ఈ డాక్యుడ్రామాను చరిత్రకారుడు ఎంతవరకు ఆధారంగా స్వీకరించవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డాక్యుడ్రామా, అల్జీరియా, కస్బా, చిత్రహింస, వలసపాలన, అధికారిక చరిత్ర.

ఉపోద్ఘాతం

ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలను అసలు సినిమాకు ముందు చూసిన తరం తెలుగు ప్రేక్షకులకు ఆ బొమ్మ స్వభావం బాగా తెలుసు. నలుపు తెలుపులు, కొంచెం గరుకుదనం, అప్పుడప్పుడూ కదిలిపోయే కెమెరా, వెనుకనుంచి గంభీరమైన వ్యాఖ్యానం. ఆ లక్షణాలు కనిపించగానే ఇది నిజంగా జరిగినదే అని మనసు ఒప్పుకొంటుంది. పొంటెకోర్వో ఈ నమ్మకాన్నే తన పనిముట్టుగా చేసుకొన్నాడు. ఛాయాగ్రాహకుడు మార్చెల్లో గత్తి చేతిలో పట్టుకొన్న కెమెరాతో, దూరదృశ్య కటకాలతో జనసమూహాలను చిత్రించాడు. నెగెటివుకు మళ్లీ నకలు తీయించి బొమ్మలో గరుకుదనాన్ని పెంచారు. ఫలితం ఎంత నమ్మదగినదిగా వచ్చిందంటే, ఇందులో వార్తాచిత్రం నుంచి తీసుకొన్నది ఒక్క అడుగైనా లేదని అమెరికా ప్రతుల ఆరంభంలో ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది. అసత్యాన్ని సత్యమని చెప్పుకొనే ప్రకటనలు సినిమాలలో సాధారణం. ఇక్కడ మాత్రం నిర్మాతలు ఇది కల్పనేనని నమ్మించడానికి శ్రమపడ్డారు.

చెప్పినది ఎవరు?

ఏ చారిత్రక ఆధారానికైనా మొదట వేయవలసిన ప్రశ్న దాని కర్త ఎవరన్నది. ఈ చిత్రానికి మూలం సాదీ యాసెఫ్ స్మృతులు. జాతీయ విమోచన కూటమి (ఎఫ్.ఎల్.ఎన్.) తరఫున అల్జీర్స్ నగరంలో పోరాటాన్ని నడిపినవాడు ఆయన. 1957 సెప్టెంబరు 24న ఫ్రెంచి సైన్యానికి పట్టుబడి, మరణశిక్షకు గురై, చివరకు బయటపడ్డాడు. స్వాతంత్ర్యం వచ్చాక 'కస్బా ఫిల్మ్స్' సంస్థ ద్వారా చిత్రనిర్మాణంలో భాగస్వామి అయ్యాడు. అంతటితో ఆగక, తన పాత్రకు సమానమైన జాఫర్ పాత్రను తానే పోషించాడు. యుద్ధంలో ఒక పక్షానికి నాయకత్వం వహించిన వ్యక్తి కథకు మూలకర్త, నిర్మాత, నటుడు కూడా కావడం అరుదు. ఆయన మొదట రాసిన చిత్రానువాదాన్ని పొంటెకోర్వో ప్రచారధోరణి ఎక్కువగా ఉందని తిరస్కరించగా, ఫ్రాంకో సోలినాస్ కొత్తగా రాశాడు.

తారాగణంలో వృత్తినటుడు దాదాపు ఒక్కడే, కర్నల్ మాథ్యూ పాత్ర ధరించిన జాఁ మార్తాఁ. అల్జీరియా యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1960లో వెలువడిన 'నూట ఇరవై ఒక్కమంది ప్రకటన'పై సంతకం చేసినవారిలో ఆయన ఉన్నాడు. వ్యతిరేకించిన సైన్యానికే తెరపై అధికారిగా నిలిచాడు. మాథ్యూ ఎవరో ఒకరి ప్రతిరూపం కాదు. జనరల్ మస్సూ, కర్నల్ బిజార్ వంటి పలువురి లక్షణాలను కలిపి అల్లిన పాత్ర అది. అతడిని క్రూరుడిగా గాక వివేకిగా, మర్యాదస్థుడిగా చూపడమే ఈ చిత్రంలో అన్నింటికన్నా పదునైన రాజకీయ నిర్ణయమని నా అభిప్రాయం. చిత్రహింస ఒక దుర్మార్గుడి దుర్గుణంగా కనిపించి ఉంటే ప్రేక్షకుడు ఆ ఒక్కడిని అసహ్యించుకొని ఊరుకొనేవాడు. పద్ధతిగా ఆలోచించే అధికారి దాన్ని పాలనావిధానంగా వివరించినప్పుడు ఆ విధానాన్ని కోరుకొన్న రాజ్యమే బోనులో నిలబడుతుంది.

మార్పులు, విడుపులు

చిత్రం తేదీలను, గంటలను తెరపై వేస్తూ నడుస్తుంది. అందువల్ల దాన్ని తేదీలతోనే సరిచూడడం న్యాయం. 1956 ఆగస్టు 10 రాత్రి కస్బాలోని తేబ్ వీధిలో యూరోపియనులు పెట్టిన బాంబు అనేకమందిని బలిగొన్నది. సెప్టెంబరు 30న ముగ్గురు యువతులు యూరోపియను పేటలలో బాంబులు ఉంచారు. ఈ క్రమాన్ని చిత్రం యథాతథంగా పాటించింది. అయితే తెరపై మూడు బాంబులూ పేలుతాయి. వాస్తవంలో మిల్క్ బార్, కఫెటేరియాలలో పెట్టినవి పేలాయి గాని, ఎయిర్ ఫ్రాన్స్ కార్యాలయంలో పెట్టినది పేలలేదు. కథనపు లయ కోసం చేసిన మార్పు ఇది. అదే ఘట్టంలో, కాసేపట్లో చనిపోబోయేవారి ముఖాలమీద, ఐస్‌క్రీం తింటున్న పసిపిల్లవాడి మీద కెమెరా ఆగుతుంది. తేబ్ వీధి శవాలకు వినిపించిన విషాద సంగీతమే ఇక్కడి శవాలకూ వినిపిస్తుంది. విజేతల పక్షాన తీసిన సినిమాలో ఓడినవారి మృతులకు ఇంతటి చోటు దొరకడం ఆ కాలానికి సాహసమే.

విడిచిపెట్టినవి మాత్రం చిన్నవి కావు. మెసాలీ హజ్ అనుచరులతో కూటమి సాగించిన రక్తసిక్తమైన అంతర్యుద్ధం చిత్రంలో లేదు. అల్జీరియన్ల పక్షాన నిలిచి 1957 ఫిబ్రవరిలో గిలటిన్‌కు గురైన కమ్యూనిస్టు కార్మికుడు ఫెర్నాఁ ఇవెతోఁ, సైనికుల చేతుల్లో అదృశ్యమైన గణితశాస్త్రవేత్త మోరిస్ ఓదాఁ వంటివారు లేరు. 1957 అక్టోబరులో అలీ లా పాయింట్ మరణం తరువాత కథ ఒక్కసారిగా 1960 డిసెంబరు ప్రదర్శనలకు దూకుతుంది. నగరంలో సైనికంగా ఓడిన ఉద్యమం మూడేళ్ల తరువాత జనప్రభంజనంగా ఎలా లేచింది? గ్రామాలలోని యుద్ధం, ద గోల్ రాక, అంతర్జాతీయ దౌత్యం ఏమీ చూపకపోవడంతో అది దాదాపు ప్రకృతి ధర్మంలా అనిపిస్తుంది. చిత్రం తీసిన ఏడాదే, 1965 జూన్ 19న, బూమెదియన్ సైనిక తిరుగుబాటుతో అధికారాన్ని చేజిక్కించుకొన్నాడు. ఆ రోజు వీధుల్లోకి వచ్చిన ట్యాంకులను జనం షూటింగు కోసం తెచ్చినవనుకొన్నారన్న కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గాని, ఐక్యప్రజల విజయగాథ ఏ సందర్భంలో తయారయిందో ఆ కథ గుర్తు చేస్తుంది.

బెన్ మ్హిదీ మరణం

ఇన్ని లోపాలున్న చిత్రాన్ని ఆధారంగా ఎందుకు స్వీకరించాలి? జవాబు ఒక సంఘటనలో ఉంది. కూటమి అగ్రనాయకులలో ఒకడైన లార్బీ బెన్ మ్హిదీ 1957 ఫిబ్రవరి 23న పట్టుబడ్డాడు. మార్చి ఆరంభంలో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆత్మహత్య చేసుకొన్నాడని ఫ్రెంచి అధికారులు ప్రకటించారు. చిత్రంలో మాథ్యూ విలేకరులకు ఆ మాటే చెబుతాడు, వాళ్లు దాన్ని అంత తేలికగా స్వీకరించరు. పొంటెకోర్వో దగ్గర పత్రరూప రుజువు లేదు. అందుకే హత్యను దృశ్యంగా కల్పించలేదు. అధికారిక మాటను అధికారి నోటనే పలికించి, సందేహాన్ని ప్రేక్షకుడికి వదిలాడు. డాక్యుడ్రామాలో ఇంతటి నిగ్రహం అరుదు.

ఆ సందేహం తీరడానికి దశాబ్దాలు పట్టింది. చిత్రం 1966లో వెనీస్ ఉత్సవంలో గోల్డెన్ లయన్ పొందినా, 1970ల ఆరంభం వరకు ఫ్రాన్సు ప్రేక్షకులకు అందలేదు. అసలు జరిగినది 'యుద్ధం' అని ఫ్రెంచి చట్టం ఒప్పుకొన్నది 1999లో. 2001లో జనరల్ పాల్ ఒసారెస్ తన స్మృతులలో చిత్రహింసలను, బెన్ మ్హిదీని తానే చంపించిన వైనాన్ని పశ్చాత్తాపం లేకుండా రాశాడు. ఫ్రెంచి సైనికులే బెన్ మ్హిదీని హతమార్చారని అధ్యక్షుడు మాక్రోఁ అంగీకరించినది 2024 నవంబరు 1న. సర్కారు కాగితం ఆత్మహత్య అన్న చోట సినిమా అనుమానించింది, ఆ అనుమానమే నిలిచింది. భద్రపరచిన పత్రానికి సహజంగానే ఎక్కువ విలువనిచ్చే మన అలవాటును ఈ ఉదంతం కొంత సవరిస్తుంది.

ఈ చిత్రాన్ని ఎవరు ఎందుకు చూశారన్నదీ చరిత్రలో భాగమే. 2003 ఆగస్టులో, ఇరాక్ ఆక్రమణ సాగుతుండగా, అమెరికా రక్షణశాఖ పెంటగాన్‌లో దీన్ని ప్రదర్శించింది. తిరుగుబాటుదారులకూ వారిని అణచేవారికీ ఒకే చిత్రం పాఠ్యగ్రంథమయింది.

పేరులేనివారు

అల్జీర్స్ పోలీసు ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, చిత్రహింసలకు నిరసనగా పదవిని వదులుకొన్న పాల్ తేత్జెన్ లెక్క ప్రకారం అదృశ్యమైనవారు 3,024 మంది. ఈ సంఖ్యపై చరిత్రకారులలో వాదోపవాదాలు ఉన్నాయి. చిత్రం మొదలయ్యేది ఇలాంటి ఒక మనిషితోనే. చిత్రహింసకు లొంగి అలీ దాక్కొన్న చోటు చెప్పేసిన ఒక బక్కపలుచని వ్యక్తికి సైనికులు తమ దుస్తులు తొడిగి కస్బాకు తీసుకువెళ్తారు. తరువాత అతడేమయ్యాడో చిత్రం చెప్పదు. 2018 సెప్టెంబరులో, ఓదాఁ మరణానికి ఫ్రెంచి రాజ్యం బాధ్యత వహించిన రోజుల్లోనే, చరిత్రకారులు మాలికా రహాల్, ఫాబ్రిస్ రిసెప్యుతి 1957లో సైన్యం పట్టుకుపోయినవారి పేర్లను పాత పరిపాలనా దస్త్రాల నుంచి వెలికితీసి అంతర్జాలంలో ఉంచారు. ఆచూకీ తెలిసినవారు రాయవలసిందిగా కోరారు. అల్జీరియా నుంచి కుటుంబాలు జవాబులు పంపాయి.