డాబా గార్డెన్స్ పెరట్లో దుర్భిణి, మన కార్తెల లెక్క

ఈసారి పోస్టు కాస్త పొడుగు, రాత్రి మోటారు దగ్గర కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

వైజాగ్‌లో డాబా గార్డెన్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడంతా షాపులు, ఆటోలు, హారన్లు. 1840 ప్రాంతంలో అక్కడ ఒకాయన తన ఇంటి ఆవరణలో ఆకాశాన్ని చూసే దుర్భిణి పెట్టుకున్నారు. సర్కారు సొమ్ము కాదు, సొంత ఖర్చు. ఆయన గోడే వెంకట జగ్గారావు గారు, జమీందారీ కుటుంబం. మద్రాసు వెళ్ళి, కంపెనీ వారి అబ్జర్వేటరీలో టేలర్ అనే దొర దగ్గర పని నేర్చుకుని వచ్చి మరీ పెట్టారు.

1856లో ఆయన పోయారు. ఇలాంటి సరదా మామూలుగా మనిషితోనే పోతుంది. ఇక్కడ పోలేదు. అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదిలేసి ఎస్టేటుతో పాటు ఆ దుర్భిణినీ చూసుకున్నారు. తర్వాత ఇంగ్లండు నుంచి ఆరు అంగుళాల పెద్దది తెప్పించారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

1874 డిసెంబరు 9న ఒక విశేషం జరిగింది. మనం వేగుచుక్క అంటామే, ఆ శుక్రుడు సూర్యుడికి అడ్డంగా నల్లటి చుక్కలా నడిచి వెళ్ళాడు. నర్సింగరావు గారు వైజాగ్ నుంచే దాన్ని చూసి, లెక్క రాసి లండన్ పంపారు. ఆ రోజు ప్రపంచంలో ఎన్నో దేశాల వాళ్ళు ఇదే పని మీద ఉన్నారు. ఎందుకంటారా? గట్టు ఈ చివర నిలబడి ఎదురుగా ఉన్న తాటిచెట్టును చూడండి, వెనక కొండ మీద ఒకచోట కనపడుద్ది. ఆ చివరకెళ్ళి చూస్తే ఇంకోచోట. ఆ తేడా, గట్టు పొడవు తెలిస్తే చెట్టు ఎంత దూరమో కొలవొచ్చు. అలాగే భూమ్మీద వేర్వేరు చోట్ల నుంచి శుక్రుణ్ణి చూసి సూర్యుడి దూరం లెక్క కట్టారు. ఇవాళ మనం 15 కోట్ల కిలోమీటర్లు అని తేలిగ్గా చెప్పుకునే దూరం అది. అలా కొలిచిన వాళ్ళలో మన తెలుగాయన ఒకరు.

అంతకు ఆరేళ్ళ ముందు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీదుగా పోయింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికోసం ఓడెక్కి గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడగొట్టి చూశాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో తేలిన ఒక కొత్త పసుపు గీతే తర్వాత హీలియం అనే వాయువు జాడ అయింది.

ఇవన్నీ మనకెందుకు అంటారేమో. మనం విత్తేది కార్తె చూసి. కార్తె అంటే చుక్కే. సూర్యుడు మృగశిర చుక్క దగ్గరకొస్తే మృగశిర కార్తె. సూర్యుడు పక్కనే ఉంటాడు గనక జూన్‌లో రాత్రంతా వెతికినా మృగశిర కనపడదు. చూడాలంటే డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు చూడాలి. ముందు పిల్లల కోడి, అంటే కృత్తిక. దాని వెనకే ఎర్రగా రోహిణి. తర్వాత దగ్గరదగ్గరగా మూడు చిన్న చుక్కలు మృగశిర. ఆ పక్కన ఎర్రగా మెరిసేది ఆరుద్ర. చిన్న దుర్భిణి పెడితే పిల్లల కోడికి పిల్లలు ఎన్నో రెట్లు కనపడతాయి.

అసలు విషయం ఇది. పంచాంగం కార్తెల్ని చుక్కల్ని బట్టి కడుతుంది. వానలు చుక్కల్ని బట్టి రావు, ఎండ ఉత్తరానికి జరిగేదాన్ని బట్టి వస్తాయి. భూమి బొంగరంలా తల తిప్పుతుంది, ఒక చుట్టుకు దాదాపు 26 వేల ఏళ్ళు. అందువల్ల సుమారు 72 ఏళ్ళకొక రోజు చొప్పున కార్తె, రుతువు కంటే వెనక్కి జరుగుతోంది. మూడొందల ఏళ్ళ నాటి సామెతకు నాలుగు రోజుల తేడా. వెయ్యేళ్ళ నాటి మాటకు రెండు వారాలు. మెట్ట పొలంలో పత్తి విత్తనానికి రెండు వారాలంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

కార్తెల్ని వదిలెయ్యమని అనట్లేదు. పెద్దలు చూసి రాసిన లెక్క అది. మనమూ చూసి రాసుకోవాలి అంటున్నా. వైజాగ్ పెరట్లో వాళ్ళు చుక్కలతో పాటు వాతావరణం లెక్కలూ రాశారు. మన ఊళ్ళో వానమాపకం ఒకటి పెట్టుకుని, తేదీ, కార్తె, ఎన్ని మిల్లీమీటర్లు అని నోటుబుక్కులో రాస్తే చాలు. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరాకి నాలుగు వేల లీటర్ల పైనే నీళ్ళు. పదేళ్ళ పుస్తకం ఉంటే మన ఊరి మృగశిర ఎంత నమ్మకస్తురాలో మనకే తెలుస్తుంది.

నర్సింగరావు గారు 1892లో పోయారు. ఆయన భార్య అచ్చయ్యమ్మ గారు అబ్జర్వేటరీని ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడు ఆ దుర్భిణి అక్కడ లేదు. వాళ్ళు రాసిన లెక్కలు మాత్రం మిగిలాయి.

మీ ఊళ్ళో వాన లెక్క రాసే పెద్దలు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఎన్నేళ్ళ నుంచి రాస్తున్నారో కూడా రాయండి.