పాత సినిమాశాలలు – ఛాయాచిత్రాల సాక్ష్యం

రేడియోలో ఛాయాచిత్రాలను గురించి ప్రసంగించటం కొంత విచిత్రమైన పనే. చూడదగిన వస్తువును వినిపించవలసివస్తుంది. అయినా ఇందుకు పూనుకోవటానికి ఒక చిన్న పటం కారణం. అది పోస్టుకార్డంత ఉంటుంది. అంచులు రంపపు పళ్లవలె కత్తిరించి ఉన్నవి. జగిత్యాల ప్రాంతపు ఒక సినిమాశాల ముందర పదకొండుమంది రెండు వరుసలుగా కనిపిస్తారు. నలుగురు కుర్చీలలో కూర్చున్నారు, ఏడుగురు వెనుక నిలబడినారు. ఆ సినిమాశాల పేరు ఇక్కడ చెప్పటం లేదు. భవనం ఎప్పుడో పోయినది. స్థలాన్ని గురించి వారసుల మధ్య వ్యవహారం మాత్రం ఇంకా నడుస్తున్నది.

ఆ పటాన్ని నాకు చూపినవారు ముత్యంపేట వాస్తవ్యులు. ఆ సినిమాశాలలో ప్రొజెక్టరు నడిపినవారు. ఊళ్లో అందరికీ ఆయన ‘ఆపరేటరు సాబు’. 2018లో ఆయన మాటలను మా కార్యక్రమం కోసం రికార్డు చేసినాను. పటం చేతిలో పట్టుకొని, ‘ఎడమ దిక్కు నుంచి’ అంటూ ఒక్కొక్కరి పేరూ, వారు చేసిన పనీ చెప్పుకొచ్చినారు. గేటుకీపరు, టిక్కెట్ల గుమాస్తా, పోస్టర్లు అంటించే మనిషి, మేనేజరు. తొమ్మిదిమంది పేర్లు గుర్తున్నవి, ఇద్దరివి గుర్తురాలేదు. ఆ పేర్లు విని సంతోషించి ఊరుకొన్నాను. ఎవరి ఎడమ దిక్కు అని అడుగవలెనన్న ఆలోచన నాకు రాలేదు. చూచేవారి ఎడమయా, పటంలో ఉన్నవారి ఎడమయా? ఆయన పోయిన తరువాత గాని ఆ ప్రశ్న పుట్టలేదు. వెనుక వరుసలో ఆయన నిలబడిన చోటును బట్టి తేల్చుదామంటే, ఏడుగురిలో ఆయనది సరిగ్గా నాలుగవ స్థానం. ఏ వైపునుంచి లెక్కించినా నాలుగవదే.

ఈ చిక్కుకు మళ్లీ వద్దాము. పాత సినిమాశాలల చరిత్ర వ్రాయదలచినవారికి ఇటువంటి పటాలు తప్ప ఆధారాలు ఎంత తక్కువగా ఉన్నవో ముందు చెప్పవలసి ఉన్నది. చిత్రాలకు పాటల పుస్తకాలున్నవి, ప్రకటనలున్నవి, సెన్సారు పత్రాలున్నవి. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదల అయినదని అనేక సంవత్సరాలు ఉత్సవాలు జరుపుకొన్నాము. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత కాగితాలు వెదకి, సెన్సారు అనుమతి 1932 జనవరి 22న లభించినదనీ, చిత్రం ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదల అయినదనీ నిరూపించినారు. కాగితం ఉన్నది గనుక పొరపాటును దిద్దుకోగలిగినాము. తాలూకా కేంద్రంలోని రేకుల టాకీసుకు అటువంటి కాగితం ఎక్కడున్నది? లెక్కల పుస్తకాలు చెదలపాలయినవి. టిక్కెట్లు చించటానికే పుట్టినవి. మిగిలేది ఎవరి ఇంటి పెట్టెలోనో దాగిన ఒకటి రెండు పటాలే.

సినిమాశాలకూ ఛాయాచిత్రానికీ బంధుత్వం మొదటినుంచీ ఉన్నది. దక్షిణాన సినిమాశాల కట్టిన తెలుగువారిలో ఆద్యుడు రఘుపతి వెంకయ్య. మచిలీపట్నం వారు. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినారు. ఆ వ్యాపారంలో ఆర్జించిన సొమ్మునే ఒడ్డి, క్రోనోమెగాఫోను అనే యంత్రాన్ని తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చి, తరువాత ఊరూరా తిరిగినారు. 1914లో మద్రాసులో గెయిటీ సినిమాశాలను కట్టినారు. అనంతరం క్రౌను, గ్లోబు వెలిసినవి. కదలని బొమ్మ తీసిన చేయే కదిలే బొమ్మకు ఇల్లు కట్టినదన్నమాట. ఆ గెయిటీ ఇప్పుడు లేదు. అంతకు ముందు సంవత్సరం, 1913లో, వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు మౌంటు రోడ్డులో స్థాపించిన ఎలెక్ట్రిక్ థియేటరు మాత్రం తపాలా శాఖవారి చేతికి వచ్చి, స్టాంపుల సేకరణ కేంద్రంగా నిలిచి ఉన్నది. ఆంధ్ర ప్రాంతంలో మొదటిదిగా చెప్పుకొనే విజయవాడ మారుతీ టాకీసు 1921 నాటిది.

నిజాం రాజ్యంలోనూ ఇదే బంధుత్వం కనబడుతుంది. వంగదేశీయుడు ధీరేన్ గంగూలీ చిత్రకారుడు. తన ముఖంమీదనే నానావిధ హావభావాలు పలికించి తీయించుకొన్న ఛాయాచిత్రాలను పుస్తకంగా వేసినవాడు. ఆయన 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్ము కంపెనీ స్థాపించి, చిత్రాలు తీసి, ప్రదర్శనశాలలు కూడా నడిపినాడు. 1924లో ‘రజియా బేగం’ చిత్రాన్ని ప్రదర్శించినందుకు ప్రభువు ఆగ్రహించి రాజ్యం విడిచి పొమ్మన్నారు. ఆ తరువాత కొద్ది ఏండ్లకే, 1909లో కరీంనగరంలో పుట్టిన పైడి జయరాజు బొంబాయి మూకీలలో వేషం వేయనారంభించినాడు. 1980కిగాను దాదాసాహెబ్ ఫాల్కే బహుమానం ఆయనకే లభించినది. మన జిల్లా మనిషి తెర మీదికి తొందరగానే ఎక్కినాడు. తెర మన ఊళ్లకు రావటానికే ఆలస్యమయినది.

ఇక పటాన్ని చదివే పద్ధతిని గురించి. సినిమాశాల గోడ మీద పోస్టరు కనిపించగానే కాలం తెలిసిపోయినదని సంబరపడతాము. తొందరపడరాదు. ‘మాయాబజార్’ పోస్టరు కనిపించినదనుకొందాము. ఆ చిత్రం 1957 మార్చి 27న విడుదల అయినది. కనుక పటం అంతకు ముందుది కాదు, ఇంతవరకే నిశ్చయం. ఆ రోజులలో ప్రింట్లు కొద్దిగా ఉండేవి. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ఆడి, అరిగి, అతుకులు పడిన తరువాత చిన్న ఊళ్లకు వచ్చేవి. పండుగలకు మళ్లీ మళ్లీ తెప్పించేవారు. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010లో మరొకసారి విడుదల అయినది. పోస్టరు ఒక గట్టును చూపుతుందే గాని రెండవ గట్టును చూపదు.

రెండవ గట్టు కావలెనంటే పోస్టరును వదలి టిక్కెట్ల ధరల పలకను చూడవలె. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ – వీటి పక్కన అణాలున్నవా, పైసలున్నవా? దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. మొదట వాటిని ‘నయా పైసలు’ అన్నాము. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ తొలగినది. హైదరాబాదు ప్రాంతానికి ఇంకొక ఆనవాలు ఉన్నది. ఇక్కడ హాలీ సిక్కా, కల్దారు అని రెండు రకాల రూపాయలు చెలామణి అయినవి. హాలీ 1959 దాకా పూర్తిగా పోలేదు. మన ఆపరేటరు సాబు పటంలో, కూర్చున్నవారి వెనుక, సగం కప్పుపడిన పలక మీద ‘న.పై.’ అన్న అక్షరాలు భూతద్దంలో స్పష్టంగా తెలుస్తున్నవి. కనుక 1957కు తరువాతది. 1964కు బహుశా ముందుది. బహుశా అని ఎందుకంటున్నానంటే, పలకకు మళ్లీ రంగు వేయించటానికి మన యజమానులు పడే తొందర అందరికీ తెలిసినదే.

భవనాన్ని కూడా చదువవలె. చాలా పాత సినిమాశాలలకు ప్రొజెక్టరు గది పైభాగాన విడిగా, బయటనుంచి మెట్లతో, ఇనుప తలుపులతో కనబడుతుంది. అది అలంకారం కాదు, భయం. 1950 ప్రాంతాల వరకూ వాడుకలో ఉన్న నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొని, నీళ్లు చల్లినా ఆరేది కాదు. దాని ముందర కార్బను కడ్డీల మంట వెలుగుతూండేది. 1936లో హైదరాబాదు మోతీ మహలు సినిమాశాలలో జరిగిన అగ్నిప్రమాదాన్ని నగరంలో తరతరాలు చెప్పుకొన్నారు. మా ప్రాంతపు పటాలలో ఆ మెట్ల మీద బనియనుతో నిలబడి గాలి పోసుకొంటున్న మనిషి కనిపిస్తే, పేరు తెలియకపోయినా ఆయన ఆపరేటరేనని చెప్పవచ్చును. లోపలి వేడికి చొక్కాతో పనిచేయటం సాధ్యం కాదు.

ఈ పటాలు చూపనిదీ ఉన్నది. సినిమా ఆడుతూ ఉండగా హాలు లోపల తీసిన పటం నేను మా వైపు ఒక్కటీ చూడలేదు. చీకటిలో ఆనాటి కెమెరాకు పని లేదు. హిరోషి సుగిమొతో అనే జపాను ఛాయాగ్రాహకుడు 1970ల చివరినుంచి ఒక ప్రయోగం చేసినాడు. చిత్రం మొదలు కాగానే కెమెరా కన్ను తెరచి, ముగిసిన తరువాత మూసినాడు. కథ అంతా కలిసి తెర మీద తెల్లని వెలుగుగా మిగిలినది. ఆ వెలుగులో హాలు మెరసినది. ప్రేక్షకులెవరూ పటంలో నిలువలేదు. మనకు కావలసినదేమో ఆ నిలువనివారే. సిరిసిల్లలో మరమగ్గం ఆపి రెండవ ఆటకు వచ్చిన నేతకార్మికుడు, కోరుట్లలో బీడీలు చుట్టి కూడబెట్టిన చిల్లరతో ఆడవారి వైపు గేటు దగ్గర నిలబడిన ఇల్లాలు, ముత్యంపేటలో చెరకు బండి దించి మెట్‌పల్లికి ఆటకు పోయిన రైతు. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. దానితో ఆ బండ్ల వరుసలూ పోయినవి.

స్టూడియోల సంగతి మరీ విచారకరం. గాజు పలకల మీది నెగటివులను కడిగి, ఆ గాజును కిటికీలకు, పటాలకు బిగించినారు. ఫిల్ము నెగటివులను వెండి కోసం అమ్మినారు. వారిని తప్పు పట్టలేను. పాత నెగటివు అన్నం పెట్టదు. ఉన్నంతలో మా ప్రాంతాన్ని ఆదుకొన్నది గల్ఫు ప్రయాణం. దుబాయికి, మస్కటుకు పోయే యువకులు ప్రయాణానికి ముందు స్నేహితులతో పటం తీయించుకొనేవారు. నిలబడటానికి వారికి నచ్చిన చోటు టాకీసు గేటు. మనిషి కోసం తీసిన ఆ పటంలో వెనుక టాకీసు పడినది. తల్లులు వాటిని పెట్టెలలో దాచినారు గనుక అవి బ్రతికినవి.

ఇతరులూ ఈ పని చేస్తున్నారు. హాబిట్జ్, జోహె అనే ఇద్దరు జర్మను కళాకారిణులు దక్షిణ భారతపు సినిమాశాలల ముఖభాగాలను శ్రద్ధగా చిత్రించి పుస్తకం వెలువరించినారు. ‘మక్బూల్’ చిత్రానికి ఛాయాగ్రహణం చేసిన హేమంత్ చతుర్వేది, 2019లో అలహాబాదు లక్ష్మీ టాకీసుతో ఆరంభించి, దేశం నలుమూలలా పాత సినిమాశాలలను వందలకొద్దీ చిత్రించినాడు. గొప్ప కృషి. అయితే వారు వెళ్లేసరికి చాలాచోట్ల కుర్చీలున్నవి, మనుషులు లేరు. మా పటంలో దానికి విరుద్ధం: భవనం సగమే కనబడుతుంది, మనుషులు నిండుగా ఉన్నారు.

అందుకే ఆ పేర్ల చిక్కు నన్ను వదలలేదు. ఆపరేటరు సాబు కుమార్తె పటాన్ని నాకు ఎరువిచ్చినది. పాత రికార్డింగు తెప్పించి, పటం ముందర పెట్టుకొని, మొదటినుంచి విన్నాను. వెనుక వరుసలో రెండవ పేరు గేటుకీపరుది. ఆ పేరు చెప్పి ఆయన నవ్వినారు. “గీయన చేతిల టార్చిలైటు సూడుండ్రి సారూ, పటం దిగెటప్పుడు గూడ ఇడిసిపెట్టలె” అన్నారు. కార్యక్రమం నిడివి కోసం ఆ నవ్వునూ, ఆ మాటనూ అప్పుడు నేనే కత్తిరించినాను. మూల రికార్డింగులో మాత్రం ఉన్నవి. పటంలో టార్చిలైటు పట్టుకొన్న మనిషి మనకు కుడివైపునుంచి రెండవవాడు.

అంటే ఆయన చెప్పిన ఎడమ పటంలో ఉన్నవారి ఎడమ. అరువది ఏండ్ల తరువాత కూడా ఆయన ఆ వరుసలో నిలబడే లెక్కపెట్టినారు.

మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, పటం వెనుక తొమ్మిది పేర్లు వ్రాసినాను. ముందు వరుసలో ఒకచోట, వెనుక వరుస చివర ఒకచోట ఖాళీ వదలి, ఆమెకు తిరిగి ఇచ్చినాను. ఆమె తిప్పి చూచి, తండ్రి పేరు మీద వేలు ఉంచి, వెనుక వరుస చివర నిలబడిన మనిషిని గురించి కోరుట్లలో ఉన్న మేనత్తను అడుగుతానన్నది.