కుబర్నెటిస్ మానిఫెస్టుల తనిఖీ టూల్స్

కుబర్నెటిస్ క్లస్టర్‌లో ఏ ప్రోగ్రాము ఎన్ని కాపీలుగా, ఎంత మెమరీతో నడవాలో చెప్పే ఫైళ్లను మానిఫెస్టులు అంటారు. ఇవి ఎక్కువగా యామల్‌లో ఉంటాయి. వీటిలోని తప్పులు క్లస్టర్‌దాకా పోకముందే పట్టుకునే ఓపెన్ సోర్స్ టూల్స్ 2010ల రెండో సగంలో వరుసగా వచ్చాయి. ఇవి మూడు రకాలు: యామల్ రాతను చూసేవి, ఫైలు స్కీమాకు సరిపోతుందో లేదో చూసేవి, సరిపోయిన ఫైలు నడపడానికి క్షేమమేనా అని చూసేవి.

నేపథ్యం

బోర్గ్ అనే అంతర్గత వ్యవస్థను ఏళ్ల తరబడి నడిపిన అనుభవంతో గూగుల్ 2014 జూన్‌లో కుబర్నెటిస్‌ను ప్రకటించింది. 2015 జులైలో 1.0 వెర్షన్ విడుదలైంది. ఆ తరువాత ప్రాజెక్టు క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది.

2001 నాటి యామల్‌లో ఏది దేని కిందకు వస్తుందో వరుస మొదట్లో వదిలిన ఖాళీలే చెబుతాయి. అందువల్ల ఒక్క ఖాళీ తేడా వచ్చినా అర్థం మారిపోగలదు. 1.1 వెర్షన్ నియమాల్లో మరో చిక్కు ఉంది. కొటేషన్ గుర్తులు లేకుండా ‘నో’ అని రాస్తే దాన్ని అక్షరాలుగా కాక ‘ఫాల్స్’ విలువగా తీసుకుంటుంది. నార్వే దేశ సంకేతం కూడా అవే రెండు అక్షరాలు కావడంతో దీన్ని నార్వే సమస్య అంటారు. 2009 నాటి 1.2 వెర్షన్ దీన్ని సరిదిద్దినా, పాత నియమాన్ని పాటించే లైబ్రరీలు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఈ తరహా తప్పుల కోసం అడ్రియన్ వెర్జే 2016లో పైథాన్‌లో యామల్‌లింట్‌ను తెచ్చాడు. ఖాళీల తేడాలు, రెండుసార్లు వచ్చిన కీలు దీనికి దొరుకుతాయి. కుబర్నెటిస్ సంగతి మాత్రం దీనికి తెలియదు.

క్యూబ్‌వాల్, స్కీమా తనిఖీ (2017–2020)

కుబర్నెటిస్ సొంత కమాండ్ అయిన క్యూబ్‌సీటీఎల్‌లో మొదటినుంచీ కొంత తనిఖీ ఉంది. అయితే స్కీమా తెచ్చుకోవడానికి దానికి నడుస్తున్న క్లస్టర్ కావాలి. కోడ్ మార్పులను పరీక్షించే సీఐ సర్వర్లకు ప్రతిసారీ క్లస్టర్ అందుబాటులో ఉండదు. పప్పెట్, డాకర్, స్నిక్ సంస్థల్లో పనిచేసిన గారెత్ రష్‌గ్రోవ్ 2017లో గో భాషలో రాసిన క్యూబ్‌వాల్ ఈ లోటు తీర్చింది. కుబర్నెటిస్ తన ఏపీఐ వివరణను ఓపెన్‌ఏపీఐ రూపంలో ప్రచురిస్తుంది. రష్‌గ్రోవ్ దాన్ని వెర్షన్లవారీగా జేసన్ స్కీమాలుగా మార్చి విడి రిపాజిటరీలో ఉంచాడు. క్యూబ్‌వాల్ ప్రతి మానిఫెస్టునూ ఆ స్కీమాతో పోల్చి చూస్తుంది. సరళమైన, చక్కని ఆలోచన ఇది. ఈ రంగంలో తరువాత జరిగిన పనిలో చాలా భాగం దీనిమీదే నిలబడింది.

ఉదాహరణకు డిప్లాయ్‌మెంట్‌లో రెప్లికాస్ విలువగా 3ను కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే, పూర్ణాంకం ఉండాల్సిన చోట స్ట్రింగ్ వచ్చిందని క్యూబ్‌వాల్ ఎర్రర్ చూపిస్తుంది. స్ట్రిక్ట్ ఆప్షన్ పెడితే స్కీమాలో లేని ఫీల్డులను కూడా పట్టుకుంటుంది. స్పెల్లింగ్ తప్పు పడిన ఫీల్డు పేర్లు ఎక్కువగా బయటపడేది ఇక్కడే.

కుబర్నెటిస్ పాత ఏపీఐలను తొలగించడం మొదలుపెట్టాక ఈ తనిఖీ అవసరం మరింత పెరిగింది. 2019 సెప్టెంబరులో వచ్చిన 1.16 వెర్షన్ డిప్లాయ్‌మెంట్ల పాత బీటా ఏపీఐలకు సెలవిచ్చింది. 2021 ఆగస్టు నాటి 1.22లో ఇంగ్రెస్ వంతు వచ్చింది. నిన్నటిదాకా పనిచేసిన ఫైలు అప్‌గ్రేడ్ తరువాత చెల్లకుండా పోయేది. ఇలాంటి ఏపీఐలను వెతకడానికే ఫెయిర్‌విండ్స్ సంస్థ ప్లూటోను రూపొందించింది.

క్యూబ్‌వాల్‌కు సొంత పరిమితులూ ఉన్నాయి. వినియోగదారులు నిర్వచించుకునే కస్టమ్ రిసోర్సులకు, అంటే సీఆర్‌డీలకు, దాని రిపాజిటరీలో స్కీమాలు లేవు. కొత్త వెర్షన్ల స్కీమాలు చేరడం కూడా క్రమంగా మందగించింది. యాన్ హామోన్ 2020లో తెచ్చిన క్యూబ్‌కన్ఫార్మ్ అదే పద్ధతిని కొనసాగిస్తూ ఫైళ్లను సమాంతరంగా చదువుతుంది, స్కీమాలను ఒకటికి మించిన చోట్లనుంచి తీసుకుంటుంది. సీఆర్‌డీలను జేసన్ స్కీమాగా మార్చే స్క్రిప్టును తనతోపాటే ఇస్తుంది. తరువాత క్యూబ్‌వాల్ నిర్వహణ ఆగిపోయింది. దాని రీడ్‌మీ ఫైలే పాఠకులను క్యూబ్‌కన్ఫార్మ్ వైపు మళ్లించింది. డేట్రీ సంస్థ 2023లో మూతపడినా, అది మొదలుపెట్టిన సీఆర్‌డీ స్కీమాల సంకలనం క్యూబ్‌కన్ఫార్మ్ వాడేవారికి ఇప్పటికీ పనికొస్తోంది.

మంచిచెడ్డల తనిఖీ

స్కీమాకు సరిపోయినంత మాత్రాన ఫైలు సరైనదని కాదు. మెమరీ పరిమితిని 128 మెబీబైట్లు అనుకుని, 128 పక్కన చిన్న ‘ఎమ్’ అక్షరం పెట్టారనుకుందాం. కుబర్నెటిస్‌లో చిన్న ‘ఎమ్’ అంటే వెయ్యో వంతు. కాబట్టి ఆ విలువ 0.128 బైట్ అవుతుంది. స్కీమా దృష్టిలో మాత్రం అందులో తప్పేమీ ఉండదు.

ఫైలు చెల్లుతుందా అన్న ప్రశ్న దాటి, అలా రాయడం మంచిదేనా అని అడిగే టూల్స్ 2018 తరువాత పెరిగాయి. గుస్తావ్ వెస్ట్‌లింగ్ రాసిన క్యూబ్‌స్కోర్ మెమరీ పరిమితి లేని కంటైనర్లను, లేటెస్ట్ ట్యాగ్ వాడిన ఇమేజీలను వేలెత్తి చూపిస్తుంది. ఫెయిర్‌విండ్స్ పోలారిస్ 2019లో, స్టాక్‌రాక్స్ క్యూబ్‌లింటర్ 2020లో వచ్చాయి. స్టాక్‌రాక్స్‌ను రెడ్ హ్యాట్ 2021లో కొనుగోలు చేసింది.

సంస్థలు తమ సొంత నియమాలు రాసుకోవడానికి ఓపెన్ పాలసీ ఏజెంట్ దారి చూపింది. దీని రెగో భాషలో రాసిన నియమాలను కాన్‌ఫ్‌టెస్ట్ మానిఫెస్టులమీద నడుపుతుంది. కాన్‌ఫ్‌టెస్ట్‌ను మొదలుపెట్టింది కూడా రష్‌గ్రోవే. ఓపెన్ పాలసీ ఏజెంట్ 2021లో ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ప్రాజెక్టుల్లో చేరింది. రెగో నేర్చుకోవడం కష్టమనుకునేవారిని, నియమాలనూ యామల్‌లోనే రాయనిచ్చే కైవెర్నో ఆకర్షించింది.

తరువాతి పరిణామాలు

బయటి టూల్స్ చేస్తున్న పనిలో కొంత కుబర్నెటిస్ తనలోకి తీసుకుంది. ఫైలును అమలు చేయకుండానే సర్వర్‌చేత పరీక్షింపజేసే డ్రై రన్ 1.18 నాటికి స్థిరపడింది. తెలియని ఫీల్డులను సర్వరే పట్టుకునే సౌకర్యం 1.27లో, కామన్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో రాసే అడ్మిషన్ నియమాలు 2024 నాటి 1.30లో స్థిరపడ్డాయి. అయినా క్లస్టర్‌కు దూరంగా, కోడ్ రివ్యూ దశలోనే తప్పు తెలుసుకోవాలనుకునే బృందాలు క్యూబ్‌కన్ఫార్మ్‌ను సీఐలో నడుపుతూనే ఉన్నాయి. స్కీమాకు అందని విషయాలను క్యూబ్‌లింటర్, కాన్‌ఫ్‌టెస్ట్ వంటివాటికి వదలడం వాడుకలో ఉన్న పద్ధతి.