చక్కెర తగ్గినను తగ్గని స్థూలకాయము

బ్రెజిల్ ప్రభుత్వము అప్పుడప్పుడు కుటుంబముల ఖర్చుల లెక్కలను సేకరించుచుండును. ఏ ఇంట ఎంత బియ్యము, చిక్కుడుగింజలు, చక్కెర, నూనె కొనిరో అందులో తెలియును. 1987–88 నాటి లెక్కలను 2002–03 నాటి వానితో పోల్చినప్పుడు సావోపౌలో విశ్వవిద్యాలయపు వైద్యుడు కార్లోస్ మొంటేరోకు ఒక వింత కనబడెను. ప్రజలు చక్కెర, నూనె కొనుట తగ్గించిరి. అయినను పెద్దవారిలో స్థూలకాయము పెరుగుచునే యుండెను!

మరి ఆ చక్కెర ఎటు పోయెను? బిస్కత్తులలో, శీతల పానీయములలో చేరి మరల ఇంటికే వచ్చెను. వంటింట చక్కెర డబ్బా ఉన్నదనగా ఆ ఇంట ఇంకను పొయ్యి వెలుగుచున్నదని గుర్తు అని ఆయన భావించెను. ఆహారమును అందలి పోషకములనుబట్టియే కాక, కర్మాగారములో అది పొందిన మార్పులనుబట్టి కూడ విభజింపవలెనని 2009లో ప్రతిపాదించెను. ఇంటి వంటలో వాడని రంగులు, రుచిద్రవ్యములు మున్నగునవి చేర్చి తయారుచేసిన సరకులు ఆ విభజనలో చివరి తరగతివి. 2014లో బ్రెజిల్ ఆహార సూచనలలో ఈ పద్ధతి చేరెను.

పలువురు పోషకశాస్త్రజ్ఞులు దీనికి సమ్మతింపలేదు. వారి ఆక్షేపణ సబబైనదే. రెండు సంగతులు కలిసి పెరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు గదా!

అమెరికాలో కెవిన్ హాల్ దీనిని ప్రయోగమునకు పెట్టి, 2019లో ఫలితములను ప్రకటించెను. 20 మంది పెద్దవారిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారములు కర్మాగారపు ఆహారమును, రెండు వారములు మామూలు వంటను పెట్టిరి. వడ్డించిన దానిలో కెలోరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు సమానము. తినుట మాత్రము వారి ఇష్టము. మొదటి రకము తిన్న దినములలో వారు రోజుకు సుమారు 500 కెలోరీలు అధికముగా తిని, 0.9 కిలోగ్రాము బరువు పెరిగిరి. రెండవ రకముతో దాదాపు అంతే తగ్గిరి. కర్మాగారపు ఆహారమును వారు త్వరత్వరగా తినిరని కూడ తేలినది. అది మెత్తగా ఉండుటవలననా, కొద్ది పదార్థములోనే ఎక్కువ శక్తి ఇమిడి యుండుటవలననా అను పరిశీలన ఇంకను సాగుచున్నది.